వడగట్టని చెంబు

రాజకీయ ఉపన్యాసమంటే నాకు గిట్టదు. వయసు మీదపడి వచ్చిన విసుగు కాదిది. ఇరవై రెండో ఏట, ఓటు చేతికొచ్చిన మొదటిసారే పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. మైకు గరగరమంటే చాలు, ఒళ్లు మండుతుంది. "సోదర సోదరీమణులారా" అని ఎవడైనా గొంతు సవరించుకుంటే, ఈ తోడబుట్టినవాడు ఇన్నాళ్లూ ఏ ఊళ్లో ఉన్నాడమ్మా అనుకుంటాను. మా పిల్లలు నన్ను సభలకు తీసుకెళ్లడం ఎప్పుడో మానేశారు. పక్కన కూచుని సణుగుతానని వాళ్ల ఫిర్యాదు. సణుగుతాను, నిజమే. ఎందుకు సణుగుతానో వాళ్లకు సగమే చెప్పాను. ఆ సగంలో తప్పంతా ఉపన్యాసం చెప్పినవాడిదే. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు. నేను పుట్టింట్లో ఉన్నాను. మా ఆయన పట్టాళంలో చేరి బర్మా వైపు వెళ్లాడు, యుద్ధం ఆగినా ఇంకా వదిలిపెట్టలేదు. మా ఊరు గురజాలకు బండి మీద ఒక పూట ప్రయాణం. మెట్ట ఊరు. జొన్న, పత్తి, మిరప. తవ్వితే నాపరాయి తగులుతుంది గాని నీటిచుక్క తగలదు. ఊరికి మంచినీళ్ల బావి ఒక్కటే, అదీ దిగుడు బావి. ఊరి బయట పల్లెలవాళ్లను దాని దరిదాపులకు కూడా రానిచ్చేవాళ్లు కాదు, వాళ్లు వాగులో చెలమలు తీసుకుని తాగేవాళ్లు.

నలభై మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి బిందె ముంచుకోవాలి. మా కర్మంతా అక్కడే ఉంది. నారికురుపు లేచిన కాలు నిప్పుల్లో పెట్టినట్టు మండుతుంది. నీళ్లలో పెడితే హాయిగా ఉంటుంది. అందుకని ఆ కాలుతోనే బావిలో దిగేవాళ్లు. కురుపులోంచి పురుగు ఆ నీళ్లలోనే పిల్లలు పెట్టేది. ఆ నీళ్లే ఊరంతా తాగేది. తాగిన ఏడాదికి ఇంకొకరి కాల్లోంచి తెల్లటి దారంలాంటి పురుగు మూరెడో బారెడో బయటికొచ్చేది. ఒక్కో ఏడు కోతల కాలానికి ఊళ్లో నడవగలిగిన కాళ్లకంటే మంచాన పడ్డ కాళ్లే ఎక్కువగా ఉండేవి.

ఆ పురుగును తీయడానికి మా వీధిలో ఒక అవ్వ ఉండేది. దూది ఏకి పరుపులు కుట్టే సాయిబుల ఇంటి పెద్దావిడ. ఊరందరికీ అవ్వే. పురుగు తల కనబడగానే దాన్ని చీపురుపుల్ల ముక్కకు చుట్టి, రోజుకు వేలెడు చొప్పున తిప్పుతూ లాగేది. ఆముదం రాసి, తమలపాకు వేసి, పుల్ల కదలకుండా గుడ్డ కట్టేది. మడమ పైన ఒక పక్కగా చిన్న బుడిపె, ఆ బుడిపెలో పుల్ల. ఆ కట్టును మా వైపు పాలు తాగే పిల్ల కూడా గుర్తుపడుతుంది. తొందరపడి లాగితే పురుగు తెగిపోతుంది, తెగితే కాలంతా చీము పట్టి ఆరు నెలలు మంచమే.

నేను నర్సరావుపేటలో మేనమామ ఇంట్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆరోగ్యశాస్త్రం పుస్తకంలో దీని గురించి రెండే రెండు ముక్కలున్నాయి. దిగుడు బావి మెట్లు మూసేసి గిలక బిగించాలి. అందాకా నీళ్లు గుడ్డతో వడగట్టి తాగాలి. మొదటిది నా చేతిలో లేదు. రెండోది పట్టుకున్నాను. రేషను మీద ఇచ్చే కంట్రోలు గుడ్డ కూడా దొరకని ఆ రోజుల్లో మా ఆయన పాత పంచె చింపి, మూడు మడతలు వేసి బిందె మూతికి కట్టి, వడగట్టని చుక్క మా ఇంట్లో ఎవరి గొంతులోకీ దిగనివ్వలేదు. నాన్న చేలోకి కూడా ఆ నీళ్లే పట్టుకెళ్లేవాడు. "నీళ్లకు గూడా పంచె కట్టిద్దంట వీళ్ల పిల్ల" అని వీధిలో నవ్వారు. నవ్వనీ. మూడేళ్లుగా మా ఇంట్లో ఎవరికీ కురుపు లేవలేదు.

మా నాయనమ్మ నవ్వలేదు. నడుం పడిపోయి ఆమె వసారా దాటి బయటికి రాక అప్పటికి ఐదేళ్లు. వసారాలో నులకమంచం, మంచం పక్కన మరచెంబు, అందులో నేను వడగట్టి పోసిన నీళ్లు. ఇంటికి ఎవరొచ్చినా "ముందు నీళ్లియ్యే" అనేది ఆమే. నేనెవరి మీదైనా నోరు చేసుకుంటే నవ్వేదీ ఆమే.

ఇక ఓటు సంగతి. అప్పట్లో ఓటు అందరికీ లేదు. శిస్తు కట్టేవాళ్లకూ, చదవడం రాయడం వచ్చినవాళ్లకూ ఉండేది. మునసబు ముందు కూచుని నేను నాలుగు వరుసలు రాసి చూపించి ఓటు తెచ్చుకున్నాను. ఊళ్లో చదువుతో ఓటు తెచ్చుకున్న మొదటి ఆడదాన్ని నేనే. అంతటితో ఊరుకోక, బావి దగ్గర పరిచయమున్న ఐదుగురికి ఆరు నెలలు పలకా బలపం ఇచ్చి దిద్దించి, వాళ్లనూ మునసబు ముందు కూచోబెట్టాను. ఆరు ఓట్లు. ఎందుకింత తాపత్రయపడ్డానంటే, బావి కోసం. ఓటు అడగడానికి వచ్చినవాడిని మెట్లు మూయించమని అడుగుదాం అనుకున్నాను. ఓటంటే అదేననుకున్నాను. ఇరవై రెండేళ్లు మరి.

వచ్చాడు. ఏ పార్టీ అన్నది అనవసరం. ఆ తర్వాత అన్ని పార్టీలనూ చూశాను, సోడాల దగ్గర మాత్రమే తేడా. పత్తి ఏరే రోజులవి. పొద్దు వాలాక రచ్చ దగ్గర రెండెడ్ల బండి విప్పి దాన్నే వేదిక చేశారు. ఒకాయన తగరపు గొట్టం నోటికి పెట్టుకుని గంటసేపు అభ్యర్థిని పొగిడాడు. అప్పుడు అభ్యర్థి లేచాడు. నలభై ఏళ్లుంటాయి. తెల్లటి మల్లెపువ్వులాంటి బట్టలు. మా ఊరి దుమ్ములో నాలుగు మైళ్లు నడిచొచ్చానని చెప్పాడు గాని, ఆ బట్టలు మాత్రం అలా చెప్పలేదు.

మొదటి మాటే పలనాటి పౌరుషం! మా సీమకు వచ్చిన ఏ వక్తయినా దాంతోనే మొదలుపెడతాడు. ఎప్పుడో మా పెద్దలు కోడిపందెం దగ్గర కొట్టుకుని చచ్చారు కాబట్టి మేం వీరులమట, కాబట్టి మేం ఆయనకు ఓటెయ్యాలట. వీరులందరూ చంకల్లో పిల్లల్ని ఎత్తుకుని, నారికురుపు కాళ్లు చాచుకుని నేలమీద కూచుని వింటున్నారు. మధ్యమధ్య టప్ మని సోడా పగిలేది. గురజాల నుంచి గోలీసోడాలు పెట్టెలో పెట్టి తెప్పించుకున్నారు. అవి చల్లగా ఉండాలని వాటి మీద తడిపిన గోనెపట్టా కప్పారు. ఆ గోనె తడపడానికి మా బావి నుంచి రెండు బిందెలు తెచ్చిపోసింది నేను దిద్దించిన ఐదుగురిలో ఒకతె. ఆయన మా మట్టి గురించి, మా గాలి గురించి, మా నీటి గురించి మాట్లాడాడు. గొంతు ఎండినప్పుడల్లా సోడా తాగాడు.

నేను లేచి నిలబడ్డాను. ఆడవాళ్లలోంచి ఒక మనిషి లేవడమే వింత అప్పుడు.

"మా బావి మెట్లు మూయించి గిలక పెట్టిస్తారా?" అన్నాను. గొంతు వణికింది. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆయన నా వైపు ఎంతో దయగా చూశాడు. "చెల్లెమ్మా! దేశమాత సంకెళ్లలో ఉండగా నువ్వు బావి గురించి అడుగుతున్నావా? ఆ సంకెళ్లు తెగిననాడు బావులన్నీ వాటంతటవే బాగుపడతాయి!" అన్నాడు.

చప్పట్లే చప్పట్లు. నా పక్కన కూచున్నవాళ్లు కూడా కొట్టారు. కాలికి కట్టుతో కూచున్న, వేరింట్లో ఉండే మా చిన్నాన్న కూడా కొట్టాడు. అభ్యర్థి కూచుని ఇంకో సోడా అందుకున్నాడు. ఆ చప్పట్లు నా చెంపల మీద కొట్టినట్టే అనిపించాయి. బావులు వాటంతటవే బాగుపడతాయట! ఈ మాట చెప్పడానికి ఈయన చెరసాలకు కూడా వెళ్లొచ్చాడట!

ఇంటికొచ్చి మా నాన్నతో చెప్పాను. "మునసబు గారితో ఒక మాట చెప్పు నాన్నా. మా ఆరుగురి ఓట్లు కావాలంటే మా ఇంటికొచ్చి మా బావి నీళ్లు ఒక చెంబుడు తాగమను. సోడా కాదు, నీళ్లు. తాగినోడికే ఓటు."

నాన్న తల గోక్కున్నాడు. "ఇదేం పంతమే" అన్నాడు గాని చెప్పాడు. మాట ఊరంతా పాకింది. అవతలి పార్టీవాడు నవ్వి ఊరుకున్నాడు. ఈయనకు మాత్రం ఎవరో లెక్క చెప్పి ఉంటారు, ఆరు ఓట్లంటే ఆరిళ్లని. పోలింగు ఇంకా పదిరోజులుందనగా, మునసబు ముందు, పదిమంది మనుషులు వెనక, మా వసారాలోకి వచ్చాడు.

నేను లోపలికి వెళ్లాను. వసారా గడప పక్కన రెండు బిందెలున్నాయి. ఒకటి వడగట్టింది. ఇంకొకటి అప్పుడే బావి నుంచి తెచ్చి దించింది, మెడ మీద ఇంకా తడి ఆరలేదు. పంచె గుడ్డ నా చేతిలోనే ఉంది. కొత్త బిందెకు కడదామనే తీశాను. అప్పుడు బయట ఆయన గొంతు వినిపించింది. మునసబుతో అంటున్నాడు, "ఆడవాళ్ల పట్టుదల, తీరిస్తే పోలా!" అని. అందరూ నవ్వారు.

గుడ్డ కొయ్యకు తగిలించాను. కొత్త బిందెలోంచి చెంబు ముంచాను.

పొరపాటున చేశానని రాసుకోవచ్చు. ఇప్పుడు కాదనేవాళ్లెవరూ లేరు. పొరపాటు కాదు. ఊరంతా తాగుతున్న నీళ్లే కదా, ఈయనకేం ప్రత్యేకం అనుకున్నాను. అనుకుని తీసుకెళ్లి ఇచ్చాను. నాయనమ్మ మంచం మీద నుంచి నావైపే చూస్తోంది. ఆమె చూడని పూట ఎప్పుడుంది గనక అని నేను పట్టించుకోలేదు.

ఆయన చెంబును రెండు చేతులా అందుకుని, అందరికీ కనబడేట్టు పైకెత్తి, పెదవులకు తగలకుండా ధారగా గొంతులో పోసుకున్నాడు. సగం తాగాడు. "అమృతం!" అన్నాడు. వెనకవాళ్లు జై కొట్టారు. చెంబును మంచం పక్కన పెట్టి నాయనమ్మకు దణ్ణం పెట్టాడు.

"ఎంగిలి చెయ్యకుండా ఎత్తి తాగినాడు, మంచీమర్యాదా ఎరిగినోడే" అంది నాయనమ్మ.

ఆయన వెనకే నేనూ రచ్చకు పోయాను. ఇచ్చిన మాట నలుగురిలో చెప్పాలి కదా. అక్కడ బండెక్కి ఆయన మళ్లీ గంట మాట్లాడాడు. ఈసారి పౌరుషం కాదు, నీళ్లు. "మీ నీళ్లు నా రక్తంలో కలిశాయి! ఈ బావికి గిలక పెట్టించకపోతే ఈ నీళ్లే నన్ను అడుగుతాయి!" అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. కోపంతోనో, ఇంకెందుకో నాకే తెలియలేదు. ఇంటికి వచ్చేసరికి చెంబు తోమి బోర్లించి ఉంది. నాయనమ్మ మిగిలిన నీళ్లు పక్కనున్న కరివేపాకు చెట్టుకు పోసి ఉంటుందనుకున్నాను. అడగలేదు.

పోలింగు పక్క ఊరి బళ్లో. అభ్యర్థికొక రంగు పెట్టె. తెర వెనక నేనూ, ఆ పెట్టెలూ తప్ప ఎవరూ లేరు. వేరే పెట్టెలో వేసినా అడిగే దిక్కు లేదు. చెయ్యి అటు పోయింది కూడా. కానీ తాగాడు కదా. మాటకు కట్టుబడి ఆయన పెట్టెలోనే వేశాను. మా ఐదుగురూ అంతే. గెలిచాడు. మా ఆరు ఓట్లు లేకపోయినా గెలిచేవాడే.

ఆ తర్వాత ఏడాది పాటు బావి అలాగే ఉంది. నేను మూడు కార్డులు రాశాను. మొదటిదానికి "మీ అభిమానానికి కృతజ్ఞతలు" అని జవాబొచ్చింది. మిగతా రెండింటికీ రాలేదు. ఆ ఏడు కూడా ఊళ్లో కాళ్లు మంచాలెక్కాయి. మా చిన్నాన్నకు రెండో కాలు కూడా లేచింది. చప్పట్లు కొట్టిన చేతులతోనే ఆ కాలు పట్టుకుని ఏడ్చాడు.

మరుసటి ఎండాకాలం గురజాలలో తాలూకా మహాసభ అన్నారు. స్వతంత్రం ఇవాళో రేపో అన్నట్టుంది అప్పుడు. నేను వెళ్లి నలుగురిలో బావి సంగతి అడిగి తీరాలనుకున్నాను. ఈసారి గొంతు వణకనివ్వకూడదని దారి పొడుగునా ఆ మాటలే వల్లించుకున్నాను. మా బండిలో పురుగు తీసే అవ్వ కూడా ఎక్కింది. గురజాలలో ఆమె చెల్లెలుంది. మహాసభ అంటే ఎట్టా ఉంటదో చూసొస్తానంది.

తాటాకుల పందిరి, రంగుకాగితాల తోరణాలు, మైకు. నేను మైకు వినడం అదే మొదటిసారి. మనిషి ఒకచోట, గొంతు ఇంకోచోట. ఆడవాళ్లకు ఒక పక్క తాడు కట్టి కూచోబెట్టారు. రెండొందల మందికి ఒక్క నీళ్ల కుండ, అది కూడా పొద్దెక్కకముందే ఖాళీ. పొద్దుటి నుంచీ తీర్మానాలు. ఎక్కడెక్కడి దేశాలకో సానుభూతి తీర్మానం, ఎవరెవరికో అభినందన తీర్మానం. ఒకాయన చదువుతాడు, ఇంకొకాయన బలపరుస్తాడు, చేతులెత్తమంటారు. అందరూ ఎత్తుతారు. నా పక్కన అవ్వ కూడా ఎత్తింది.

"ఎందుకెత్తావే అవ్వా?" అన్నాను.

"ఏమో తల్లీ, ఎత్తకపోతే కూడు పెట్టరేమోనని" అంది.

మధ్యాహ్నం దాటాక, ఓటేసి గెలిపించుకున్న మా వాడు వచ్చాడు. చేతికర్ర ఊతంగా, ఇద్దరు రెక్కలు పట్టుకుంటే వేదిక ఎక్కాడు. ఎడమకాలు నేలకు ఆనించలేకపోతున్నాడు. మడమ పైన తెల్లటి కట్టు. పందిరంతా అయ్యో అంది. ఆయన మైకు పట్టుకున్నాడు. తర్వాత కాలు కొంచెం ముందుకు చాచి, "ఈ కాలు చూడండి! పోరాటంలో తిన్న లాఠీ దెబ్బ ఇన్నాళ్లకు మళ్లీ తిరగబెట్టింది. అయినా మీ కోసం వచ్చాను. ఈ కాలు ప్రజలది!" అన్నాడు.

ముందు వరుసల్లో చప్పట్లు. వెనకవాళ్లు కొట్టలేదు. వాళ్లు కట్టు వైపు చూస్తున్నారు. మడమ పైన ఒక పక్కగా చిన్న బుడిపె.

అవ్వ లేచి నిలబడింది. తాడు దాటి ముందుకు పోయింది. ఎవరో వాలంటీరు ఆపబోయాడు, ఆమె వాణ్ణి చూడనే లేదు. మైకు అక్కర్లేని గొంతు ఆమెది.

"నాయనా! అది లాఠీ గాదు నాయనా, నారికురుపు! కట్టినోడెవుడో గాని పుల్ల అడ్డంగా కట్టలా. అట్టా నిలబడమాక, తెగుద్ది! కూసో నాయనా, కూసో, కాలు పైకి పెట్టుకో!"

ఎగతాళి కాదు. ఆమెకు నిజంగానే ఆదుర్దా. అదే జనం పొట్టలు చెక్కలు చేసింది. ముందు ఎక్కడో ఒక్కడు కిసుక్కుమన్నాడు, అంతే, పందిరి కూలిందనుకున్నాను. పలనాడు మొత్తం కురుపులు లేచిన కాళ్లతో అక్కడ కూచుని ఉంటే, వాళ్ల ముందు చాచి చూపించి లాఠీ అంటాడా! మిరపకాయలు పండించేవాడికి ఎర్రమట్టి చూపించి కారం అన్నట్టుంది. అధ్యక్షుడు గంట మీద గంట కొట్టాడు. మా వాడి ముఖం కందగడ్డ అయింది. కూచున్నాడు. అవ్వ చెప్పినట్టే కాలు స్టూలు మీద పెట్టుకున్నాడు. ఆ పెట్టుకోవడం చూసి మళ్లీ నవ్వారు.

అందరికంటే ఎక్కువ నవ్వింది నేను. కళ్లలో నీళ్లు కారిందాకా నవ్వాను. ఈ నీళ్లే నన్ను అడుగుతాయి అన్నావు కదరా, అడిగాయి చూడు అనుకున్నాను. తిరుగు బండిలో దారంతా అవ్వ చేత అదే మాట పదిసార్లు చెప్పించుకుని నవ్వాను. ఊరి పొలిమేర కనబడ్డాక గుర్తొచ్చింది, బావి సంగతి అడగనే లేదని.

నాయనమ్మకు చెప్పాలని వసారాలోకి ఒక్క గెంతు గెంతాను. నవ్వుతూనే మొదలుపెట్టాను. ఆమె కూడా నవ్వుతూనే వింది. లాఠీ దగ్గరికి వచ్చేసరికి చూశాను. ఆమె కుడికాలు మంచం మీద లేదు. కింద, కుండపెంకులో పోసిన నీళ్లలో పెట్టుకుని ఉంది.

"ఏంది నాయనమ్మా ఆ కాలు?"

"ఏం లేదులేవే. ముందు ఆ కత కానీ."

చీర కుచ్చెళ్లు పైకి జరిపాను. చీలమండ దగ్గర పొక్కు చిట్లి, తెల్లటి కొస కనబడుతోంది. నాలుగు రోజులుగా దాచిందట. నేను మహాసభకు పోవాలని సంబరపడుతున్నానని చెప్పలేదట.

వసారా దాటని మనిషి. నేను పోసిన నీళ్లు తప్ప తాగని మనిషి. నాలుగేళ్లుగా గుడ్డ లేకుండా మా ఇంట్లో ముంచిన చెంబు ఒక్కటే.

"ఆ చెంబులో మిగిలినయ్యి తాగావా?" అన్నాను.

"తాగా."

"అవి వడగట్టినయ్యి కాదు."

"తెలుసులేవే. నువ్వు గుడ్డ కొయ్యకు తగిలించింది నేను చూశా."

"తెలిసి ఎందుకు తాగావు? చెట్టుకు పొయ్యొచ్చు గదా!" అరిచాను. ఆ అరుపు ఎవరి మీదో నాకు తెలుసు.

నాయనమ్మ కాలు నీళ్లలో కొంచెం కదిలించింది. మంట తగ్గినట్టు కళ్లు మూసుకుంది.

"ఇంటికొచ్చినోడు ఎట్టాంటోడైనా, మనం తాగలేని నీళ్లు వాడికి పొయ్యకూడదే. నువ్వు పోశావు. ఇంగ ఇంట్లో ఎవురో ఒకళ్లం తాగాల గదా. నీకు బిడ్డలు పుట్టాల. అందుకని నేను తాగా."

అవ్వను పిలుచుకొచ్చాను. ఆమె కట్టు కట్టడం నేర్పింది. రోజూ పొద్దున్నే వేలెడు చొప్పున నేనే తిప్పాను. ఇరవై ఏడు రోజులు పట్టింది, తెగనివ్వలేదు. ఆ ఇరవై ఏడు రోజుల్లో నాయనమ్మ ఒక్కసారి కూడా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

నాన్నకు మాత్రం చెప్పేశాను. ఆయన చాలాసేపు బీడీ కాల్చి, లేచి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా మా చిన్నాన్ననూ, ఇంకో పదిమందినీ పోగేసుకుని బండ్ల మీద నాపరాళ్లు తోలించాడు. సర్కారును అడగలేదు, ఎవరికీ కార్డు రాయలేదు. ఎండాకాలం అయిపోయేలోగా మెట్లు మూసేసి, చుట్టూ నడుమెత్తు గోడ లేపి, రెండు గిలకలు బిగించారు. ఇంత పని పదిమంది మనుషులతో అయ్యేదే. అన్నేళ్లూ ఒకడొచ్చి చేయిస్తాడని కూచున్నాం, నాతో సహా.

గిలకలు బిగించాక మునసబు, మేం గెలిపించినాయనను పిలిచాడు. ఆయన వచ్చాడు. కొంచెం కుంటుతున్నాడు. పూలదండ వేయించుకుని, గోడ మీద చెయ్యి వేసి, "ఆనాడు మీకిచ్చిన మాట ఈనాడు నెరవేర్చుకున్నాను" అన్నాడు. నాపరాళ్లు మోసి భుజాలు ఒలిచిపోయినవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చిన్నాన్న అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాడు.

నేను ఇంటి నుంచి చెంబు తీసుకెళ్లాను. కొత్త గిలకతో తోడిన నీళ్లే, అయినా మూడు మడతల గుడ్డలో వడగట్టినవి. ఆయన ముందు పెట్టాను. ఆయన చెంబు వంక చూశాడు, నా వంక చూశాడు. గుర్తుపట్టాడో లేదో చెప్పలేను. పక్కవాడి వైపు తిరిగి, "సోడా ఉందా?" అన్నాడు.

జనం గుసగుసలాడారు. "గెలిచినాక మన నీళ్లు పనికిరావంట" అని ఎవరో గట్టిగానే అన్నారు. అందరూ నా వైపు చూశారు, ఇక ఈమె నోరు విప్పుతుందని. నేను సణగలేదు. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఏ సభలోనూ నేను అంత నోరు మూసుకుని నిలబడలేదు.

చెంబు వెనక్కి తెచ్చి నాయనమ్మ మంచం పక్కన పెట్టాను.

"తాగలా?" అంది.

"తాగలా."

ఆమె చెంబు అందుకోలేదు. నా ముఖంలోకి చూసింది.

"గుడ్డ కట్టావా?"

"కట్టాను" అన్నాను. అప్పుడు తాగింది.